మింగిన పాట

మార్చి నెల వచ్చిందంటే నా ఫోన్ మోగడం మొదలవుతుంది. "మేడమ్, ఉగాది సెలవుల ముందు మ్యూజిక్ క్లాసులో పిల్లల చేత ఏం ఆడించమంటారు? ఓ నాలుగు ఆటలు చెప్పరూ" అని. అడిగేవాళ్లు ఈమధ్యే ఉద్యోగాల్లో చేరిన సంగీతం టీచర్లు. అడగడంలో తప్పు లేదు. స్వచ్ఛందంగా ఉద్యోగం వదిలేసి ఇంట్లో కూర్చున్నదాన్ని, ఎవరో ఒకరు అడుగుతుంటే బాగానే ఉంటుంది. కాని వాళ్లకి కావలసింది ఆటల వరకే. పిల్లలు ఆ ఆటలు చక్కగా నేర్చుకున్నాక బడిలో పెద్దవాళ్లు వాటిని ఏం చేస్తారో ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అది చెప్పకుండా ఆటలు చెప్పడం నాకు ఇష్టం లేదు. అందుకని రెండూ కలిపి రాస్తున్నాను. కోపంగా రాసినట్టుందే అని మీకు అనిపిస్తే, సరిగ్గానే అనిపించింది.

నేను విజయనగరంలో సంగీతం నేర్చుకున్నాను. బి.ఏ. కూడా చదివాను గాని ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. బడిలో సంగీతం టీచరంటే ప్రార్థన ఎత్తుకునే మనిషి. అధికారులొస్తే స్వాగతగీతం పాడించే మనిషి. లెక్కల టీచరు సెలవు పెడితే ఆ క్లాసులో కూర్చుని అల్లరి కాకుండా చూసే మనిషి. పరీక్షలు దగ్గరపడితే తన పీరియడ్లన్నీ లెక్కలకీ ఇంగ్లీషుకీ ఇచ్చేసి స్టాఫ్ రూములో స్వెట్టర్ అల్లుకోవలసిన మనిషి. నాకు స్వెట్టర్ అల్లడం రాదు. వచ్చినా మా వైపు ఎండలకి ఎవరు వేసుకుంటారు?

రాష్ట్రం విడిపోయిన ఒకటి రెండేళ్లకి నన్ను నౌపడ వైపు ఒక హైస్కూల్లో వేశారు. ఊరి పేరుతో మీకు పని లేదు. రైలు పట్టాలకి ఇవతల బడి, అవతల ఉప్పు మళ్లు. పిల్లల్లో సగంమంది ఆ మళ్లలో పనిచేసేవాళ్ల పిల్లలు. మిగతావాళ్లు చేపల వేటకెళ్లే ఇళ్లవాళ్లు, కొద్దిమంది రైతుల పిల్లలు. నాకిచ్చిన గది ఒకప్పటి సైన్సు సామాన్ల కొట్టు. గోడకి ఒక ఎముకల గూడు బొమ్మ, కింద ఒక హార్మోనియం. హార్మోనియంలో రెండు మెట్లు పలకవు. ఎముకల గూడే నయం, అన్ని ఎముకలూ ఉన్నాయి.

మా హెడ్‌మాస్టరు గారు చెడ్డ మనిషేమీ కాదు. ఆ మాట ముందే అనేస్తే తర్వాత అనబోయే మాటలకి అడ్డం ఉండదు. ఇస్త్రీ చొక్కా, ఎప్పుడూ పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడడం. ఆయనదీ మా జిల్లాయే. పక్క మండలం. కాని 'ఏటి' అన్న మాట ఆయన నోటి నుంచి నేను విన్నది ఒక్కసారే. ఎప్పుడో చెప్తాను. పిల్లలు 'ఏటండి సార్' అంటే మాత్రం "ఏమిటండీ అనాలి" అని నిలబెట్టి పదిసార్లు అనిపించేవారు. ఆయన తర్వాత చెప్పుకోవలసినవాడు మా వ్యాయామం మాస్టారు. స్పీకర్లు బిగించడం, షామియానా కట్టించడం, మంచినీళ్ల డ్రమ్ము నింపించడం, ఇలా ఎవరిదీ కాని పనులన్నీ ఆయనవే. బడిలో లెక్కలో లేని ఉద్యోగాలు రెండు, ఆయనదీ నాదీ. అందుకని మా ఇద్దరికీ పడేది.

ఇక ఆటలు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఉప్పు మళ్లకి అదే పంటకాలం. ఎండ ముదరక ముందే పని కావాలని తల్లులు చీకటితో వెళ్లిపోతారు. చంటిపిల్లల్ని చూసుకోవడానికి పెద్ద పిల్లలు బడి మానేస్తారు. హాజరు పట్టీలు పలచబడిపోయే రోజులు. ఆ రోజుల్లో పిల్లలు నడిచి బడికి రావాలంటే రావడానికి ఏదో ఒకటి ఉండాలి. పరీక్షల రివిజన్ ఎవరినీ రప్పించదు. ఆట రప్పిస్తుంది.

మొదటిది కోయిల ఆట. ఒకరు బీరువా వెనకో తలుపు వెనకో నక్కి కూ అంటారు. కళ్లకి గంతలు కట్టుకున్నవాళ్లు అదే శ్రుతిలో కూ అని జవాబిస్తేనే ఒక అడుగు ముందుకి వేయాలి. శ్రుతి తప్పితే వెనక్కి. రెండోది ఆరు రుచుల ఆట. ఆరు జట్లు, జట్టుకో రుచి. అందరికీ ఒకే వరస. దాన్నే తీపి జట్టు తియ్యగా పాడాలి, కారం జట్టు నాలుక మండినట్టు పాడాలి, వగరు జట్టు పిందె కొరికినట్టు పాడాలి. వగరు చాలా కష్టం. ఒకసారి మీరూ ప్రయత్నించి చూడండి.

ఉప్పు జట్టుకి ఏం చేయాలో నాకే తోచలేదు. అప్పుడు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి లేచింది. ఉప్పు మళ్లలో పనిచేసే అమ్మ కూతురు. పొట్టిది, గొంతు మాత్రం గేటు అవతలికి వినిపిస్తుంది. "ఉప్పుకి సప్పుడున్నాది టీచర్" అంది. ఏం చప్పుడే అంటే, చెక్కపలక బిగించిన పొడుగు కర్రతో మడిలో ఉప్పు లాగినప్పుడు సర్ర్ర్ మని ఎలా వస్తుందో, కుప్ప చేశాక ఒక క్షణం ఎలా ఆగుతుందో, మళ్లీ సర్ర్ర్ మని ఎలా మొదలవుతుందో, కాలు నేలకి రాస్తూ చూపించింది. జట్టంతా కాళ్లు రాశారు. ఆ గచ్చు మీద అంత మంచి తాళం నేను ఏ మృదంగం దగ్గరా వినలేదు.

ఆ తాళానికి పాట కట్టుకున్నాం. ఆరు రుచులకి ఆరు చరణాలు. మాటలు సగం నావి, సగం వాళ్లవి. ఆఖరిది ఉప్పు చరణం. అది ఆ పిల్లది.

వేప పూసినాదే ఊరంత తెల్లంగ
మడి పూసినాదే మాయమ్మ కాళ్లంట

మొదటి పంక్తి ఆ పిల్ల ఒక్కతే ఎత్తుకునేది. తర్వాత అందరూ.

మూడో ఆట మింగుడు ఆట. అన్నిటికంటే దీన్ని జాగ్రత్తగా వినండి. అందరూ పాడుతుంటారు. మధ్యలో నేను హార్మోనియం ఆపేస్తాను. ఆపగానే పాట మింగేయాలి. నోరు మూసుకుని, కదలకుండా నిలబడి, లోపల లోపల పాడుకుంటూ పోవాలి. నేను చెయ్యి ఎత్తగానే పాట బయటికి తీయాలి. మింగినచోటి నుంచి తీస్తే ఔట్. ఈలోగా లోపల ఎంత దూరం నడిచిందో అక్కడి నుంచి తీయాలి. మొదట్లో సంతగోలలా ఉంటుంది. రెండు వారాలు ఓపిక పడితే క్లాసు క్లాసంతా ఒకే అక్షరం మీద కలిసి తేలుతుంది. ఆ క్షణం కోసమే నేను అన్నేళ్లు ఆ జీతానికి పనిచేశాను.

ఆట మాటేమో గాని హాజరు పెరిగింది. ఉప్పు మళ్ల పిల్లలు చంటి తమ్ముళ్లని చంకనేసుకుని మరీ వచ్చేవారు. హెడ్‌మాస్టరు గారు కిటికీలోంచి ఒకరోజు విన్నారు. "బాగుందండీ. పండగ ముందురోజు ఉపవిద్యాధికారి గారు వస్తున్నారు. ఇది పెట్టిద్దాం" అన్నారు. ఇక్కడి దాకా మంచిదే. నా చేత పాట రాయించుకుని, ఫోన్లోకి ఒకసారి పాడించుకుని వెళ్లారు. వారం తిరిగేసరికి ఒక ఫోన్ పట్టుకుని నా గదికి వచ్చారు. విశాఖలో తెలిసినవాళ్లకి స్టూడియో ఉందట. మా పాటని అక్కడి పిల్లల చేత పాడించి, కీబోర్డు, తబలా అన్నీ పెట్టి రికార్డు చేయించారట. వినిపించారు.

అది మా పాటే. కడిగి, ఆరేసి, ఇస్త్రీ చేసిన మా పాట. పూసినాదే తీసేసి పూసెనులే పెట్టారు. ఉప్పు చరణం మొత్తానికే లేదు. దాని బదులు వసంతం గురించి రెండు పంక్తులు ఉన్నాయి. ఏ వసంతమో, ఏ ఊరిదో.

"ఉప్పు చరణం ఏమైందండీ?"

"ఉగాదికి ఉప్పు మళ్లెందుకండీ. అధికారి ముందు అమ్మ కాళ్లు అవీ ఎందుకు. మనవాళ్లు ఈ ట్రాక్‌కి నోరు కదిపితే చాలు."

"నోరు కదపడమేంటి?"

"ఇప్పుడు అన్నిచోట్లా ఇదే కదా మేడమ్. టీవీలో కూడా అంతే. మన పిల్లల గొంతులు మొరటు. యాస ఒకటి. మైకు ముందు బాగుండదు. వాళ్లు నిలబడతారు, పాట వస్తుంది, అందరికీ గౌరవంగా ఉంటుంది."

"మీవాడి పరీక్ష ఇంకొకడు రాస్తే దాన్ని కాపీ అంటారు కదండీ. మరి దీన్నేమంటారు?"

ఆయన ముఖం ఎర్రబడింది. "మీకు ప్రతిదానికీ వాదనేనండీ" అన్నారు.

అవును, వాదనే. లెక్కల టీచరు గారు అక్కడే ఉన్నారు. నా పీరియడ్ తీసుకోవడానికి వచ్చి నిలబడ్డ మనిషి. "పోనీయండి మేడమ్, పిల్లలకి గొంతు నొప్పి లేకుండా ఉంటుంది కదా" అంది.

పిల్లలకి నోరు కదపడం నేర్పే పని కూడా నాకే ఇచ్చారు. నేను చేయనన్నాను. హెడ్‌మాస్టరు గారే వచ్చి నేర్పారు. సోషల్ పాఠం చెప్పే మనిషి, ఎప్పుడూ పాట పాడి ఎరగరు, నోరు తెరిచి మూసి చూపిస్తుంటే పిల్లలు ఒడ్డున పడ్డ చేపల్లా తెరిచి మూస్తున్నారు. ఉప్పు చరణం పిల్ల చెయ్యి ఎత్తి అడిగింది. "గాలి కూడా ఒగ్గకూడదా సార్?" ఊపిరి కూడా వదలకూడదా అని. క్లాసు నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ పిల్లని వెనక వరసలోకి పంపేశారు. పొరపాటున గొంతు బయటికి వస్తే వినిపించకుండా.

ఆ మధ్యాహ్నం పిల్ల నా గది గుమ్మం దగ్గర నిలబడింది.

"టీచర్, మాయమ్మ వస్తాదంట. పని మానీసి."

"ఎందుకే?"

"నాను పాడతానని సెప్పినాను కదా. ఉప్పు పాట. మాయమ్మ ఎప్పుడూ ఇననేదు. ఆళ్లు తెల్లారకముందే ఎల్లిపోతారు, నాను బడికొచ్చీస్తాను. రాత్రికి అలిసిపోయి తొంగుంటాది." కాసేపు గుమ్మం గీరుకుంది. "రావద్దని సెప్పీమంటారా?"

వద్దనే చెప్పమనాలి. మంచి పంటకాలంలో ఒక మనిషి పని మానుకుని వచ్చి వినేది విశాఖ పిల్లల గొంతు. మళ్లీ హెడ్‌మాస్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆ ఒక్క చరణమైనా నోటితో పాడనివ్వమన్నాను. ఆయన చాలా నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "తల్లి వస్తే రానివ్వండి. కూతుర్ని స్టేజీ మీద చూసుకుంటుంది. పాట వినిపిస్తుంది. ఆ ఆనందం చాలదా? అది ఎవరి గొంతో వీళ్లకేం తెలుస్తుంది?"

చూశారా, నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది ఆ ఆఖరి మాటకే. పాట తీసేసినందుకు కాదు. అది ఎవరి గొంతో తల్లికి తెలియదట.

పిల్లతో మాత్రం తల్లిని రమ్మనే చెప్పాను. ఎందుకు చెప్పానో అప్పుడు నాకే తెలియదు. మొండితనం అనుకోండి.

పండగ ముందురోజు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. బడి ముందు షామియానా, దాని కింద అధికారుల కుర్చీలు, వెనక ఊళ్లోవాళ్లు కూర్చోవడానికి నేల మీద పరిచిన పట్టాలు. నాకిచ్చిన పని మంచినీళ్ల డ్రమ్ము పక్కన నిలబడి ఉగాది పచ్చడి గ్లాసుల్లో పోయడం. వాదించే మనిషిని గరిటె ఇచ్చి నిలబెడితే ఖాళీ ఉండదనుకున్నారు కాబోలు. స్పీకరుకి వైరు, వైరు చివర హెడ్‌మాస్టరు గారి కొత్త ఫోను. వ్యాయామం మాస్టారు దాని పక్కన స్టూలు మీద కాపలా.

"సార్, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టీమంటారా? మధ్యలో ఫోనొస్తే ఆగిపోద్ది" అన్నాడాయన.

"వద్దు. పైనుంచి ఎవరైనా చేస్తే? మీరు ముట్టుకోకండి. నేను నొక్కుతాను."

అధికారి గారు వచ్చారు, దండలు పడ్డాయి, ప్రసంగాలు అయ్యాయి. తల్లి ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. పట్టాల మీద చోటు లేక వచ్చి నా పక్కనే డ్రమ్ముకి ఆనుకుని నిలబడింది. నడివయసు మనిషి. పాదాలు బీటలు వారి, వేళ్ల సందుల్లో ఎంత కడిగినా పోని తెల్లటి గీతలు. చేతిలో ఖాళీ బుట్ట. మళ్లనుంచి నేరుగా వచ్చినట్టుంది.

"మా పిల్లేది?" అంది.

వెనక వరస చూపించాను. ముందున్నవాళ్ల తలల మధ్య నుదురు మాత్రం కనిపిస్తోంది.

హెడ్‌మాస్టరు గారు ఫోన్ నొక్కారు. కీబోర్డు మోగింది, స్టూడియో పాట మొదలైంది. మా పిల్లలు నోళ్లు తెరిచి మూస్తున్నారు. తీపి చరణం అయింది. పులుపు చరణం మొదలైంది.

"మా పిల్ల పాడతన్నాదా టీచరమ్మా?"

నేను పచ్చడి కలుపుతున్నట్టు గరిటె తిప్పుతున్నాను.

"నోరు కదుపుతన్నాది. గొంతు దానిది కాదు" అంది ఆమె, నాతో కాదు, తనలో తనే అనుకున్నట్టు. తర్వాత నాకేసి తిరిగింది. "జలుబు సేసినాదేటి దానికి?"

ఏం చెప్పమంటారు? ఎవరి గొంతో మీకు తెలియదనుకున్నాం అని చెప్పనా?

కారం చరణం సగంలో ఉండగా హెడ్‌మాస్టరు గారి ఫోను మోగింది. ట్రాక్ టక్కున ఆగిపోయి ఆ పెద్ద స్పీకర్లలో నాదస్వరం లేచింది. ఆయన రింగ్‌టోన్ అది. బడి మొత్తానికి ఎవరిదో పెళ్లి జరుగుతున్నట్టు మోగుతోంది. తర్వాత తెలిసింది, ఆయన ఇంటావిడ, చెరుకు దొరకలేదని చేసింది.

"ఏటిది, ఏటిది, ఆపండ్రా బాబూ" అన్నారు హెడ్‌మాస్టరు గారు. చెప్పానుగా, ఒక్కసారే విన్నానని.

అక్కడికొచ్చినవాళ్లందరూ స్పీకరు వైపు చూస్తున్నారు. నేను పిల్లల్ని చూశాను. ఒక్కరు నవ్వలేదు. ఒక్కరు పక్కవాళ్లని పొడవలేదు. నోళ్లు మూసుకుని, రాళ్లలా నిలబడి, కళ్లు మాత్రం తిప్పుతూ వెతుకుతున్నారు. మ్యూజిక్ ఆగింది కదా. ఆగితే ఏం చేయాలో వాళ్లకి తెలుసు. పాట మింగేశారు. లోపల కారం చరణం నడుస్తోంది. బయటికి తీయడానికి నా చెయ్యి వెతుక్కుంటున్నారు. ముందు వరస కళ్లు నన్ను పట్టుకున్నాయి. తర్వాత వెనక వరసలో ఆ నుదురు కూడా ఇటు తిరిగింది.

నా చేతిలో పచ్చడి గరిటె ఉంది. గరిటెతోనే ఎత్తాను.

వగరు చరణం మొదటి అక్షరం మీద మొత్తం బడి పిల్లలు కలిసి తేలారు. మైకు లేదు, తబలా లేదు. మొరటు గొంతులు, యాస గొంతులు, షామియానా గుడ్డ ఊగిందంటే నమ్మండి, నమ్మకపోండి.

హెడ్‌మాస్టరు గారు కంగారులో ఫోను కట్ చేశారు. కట్ చేస్తే ఏమవుతుంది? ఆగినచోటి నుంచి ట్రాక్ మళ్లీ మొదలైంది. స్పీకర్లో విశాఖ పిల్లలు ఇంకా కారంలోనే ఉన్నారు. మావాళ్లు వగరు సగం దాటేశారు. రెండూ ఢీకొన్నాయి. ఆయన చేతులు ఊపుతున్నారు, స్పీకరుతో కలవమని. పిల్లలకి అది ఆట నియమం కాదు. మింగినచోటికి వెనక్కి వెళితే ఔట్ అని నేనే నేర్పాను. ఎవరూ వెళ్లలేదు.

అప్పుడు వ్యాయామం మాస్టారు స్టూలు మీది నుంచి లేవబోయి వైరుకి కాలు తగిలించుకున్నాడు. ఇరవయ్యేళ్లు బంతి తన్నిన కాలు అది, ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వైరు ఊడిపోయింది. "సీకట్లో సూసుకోనేదండి" అన్నాడు, పదకొండు గంటల ఎండలో నిలబడి.

చేదు చరణం అయింది. ఉప్పు చరణం రావాలి. అంతమంది పిల్లలూ కాళ్లు నేలకి రాశారు. సర్ర్ర్. ఆగింది. సర్ర్ర్. వెనక వరసలోంచి ఆ గొంతు ఒక్కటే లేచింది.

వేప పూసినాదే ఊరంత తెల్లంగ...

నా పక్కన తల్లి బుట్ట కింద పెట్టింది. అంతే. నవ్వలేదు, కళ్లు తుడుచుకోలేదు. చెవి ఆ వైపు పెట్టి, బేరం మాట వింటున్నట్టు నిలబడి వింది.

పాట అయ్యాక అధికారి గారు చప్పట్లు కొట్టారు. ఆయన చాలాసేపటి నుంచి తన ఫోన్ చూసుకుంటున్నారు. "రెండో సగం రికార్డింగ్ బాగా వచ్చిందండీ. ఎక్కడ చేయించారు?" అన్నారు. మా హెడ్‌మాస్టరు గారు ఒక్క క్షణం తడుముకోకుండా "వైజాగ్ సార్" అన్నారు. నా చేతిలో గరిటె ఇంకా ఉంది.

తర్వాత జరిగినవి ముందే చెప్పేస్తాను, వాటితో నాకు పెద్ద పని లేదు. సెలవులు కాగానే నాకు మెమో ఇచ్చారు. కార్యక్రమం మధ్యలో అనుమతి లేకుండా సైగలు చేసినందుకు సంజాయిషీ అడిగారు. 'చెయ్యి ఎత్తిన మాట నిజం, మళ్లీ అవసరమైతే ఎత్తుతాను' అని రాసిచ్చాను. దాని మీద ఏ చర్యా లేదు. ఏమని తీసుకుంటారు, చర్య తీసుకోవాలంటే ఆ రెండో సగం వైజాగ్‌ది కాదని రాయాలిగా. మరుసటి ఏడాది నా గదిని డిజిటల్ క్లాసు చేశారు. హార్మోనియం బీరువా మీదికి ఎక్కింది. వరండాలో పాఠం చెప్పాను. ఎముకల గూడుని కూడా నాతో వరండాలోకి తెచ్చుకున్నాను, అలవాటైపోయింది కదా. ఆ పిల్ల ఇప్పుడు ఏ టీవీలోనైనా పాడుతోందా అని అడుగుతారు మీరు. ఎందుకు పాడాలి? వాళ్లమ్మ వినడానికి పాడింది. టీవీలో కనిపిస్తేగాని పాడినట్టు కాదనేవాళ్లే ట్రాకులు తెచ్చేవాళ్లు.

ఆ రోజు మధ్యాహ్నానికి వెనక్కి వస్తాను. బడి వదిలేశారు. నేను బస్సుకోసం రైలు గేటు దాకా నడుస్తున్నాను. గేటు పడి ఉంది. బళ్లు, ఆటోలు ఆగాయి. అక్కడ తల్లీ కూతుళ్లు నిలబడి ఉన్నారు. తల్లి నన్ను చూడగానే మొదలెట్టింది.

"టీచరమ్మా, ఆరు రుసులు అన్నారు. నాకు మూడే ఇనిపించినాయి. పని మానీసి వచ్చినాను. మిగతా మూడూ ఏవి?"

"అవి ఫోన్లో వచ్చాయి" అన్నాను.

"ఫోన్లో ఎవులో పాడినారు. నాకెందుకు ఆళ్లు?"

పిల్లకేసి చూశాను. పిల్ల గేటు కడ్డీ గీరుతోంది.

"పాడవే" అన్నాను.

"ఇక్కడా టీచర్? అందరూ సూస్తన్నారు."

"సూడనీ" అంది తల్లి. "గట్టిగా పాడు. ఇక్కడ పెద్దమేస్టరు లేడు."

రైలు వచ్చింది. అది పోయేదాకా ఆగి, పిల్ల తీపి చరణం ఎత్తుకుంది. మొదట నోట్లోనే, పులుపు దగ్గరికి వచ్చేసరికి తన గొంతుతో. కారం దగ్గర గేటు లేచింది. ఆటోలు హారన్లు కొట్టాయి. ఒకతను "ఓలప్పా, దారి ఇయ్యి" అని అరిచాడు. తల్లి జరగలేదు. దారి మధ్యలో బుట్ట పెట్టుకుని నిలబడింది. బళ్లన్నీ ఆ బుట్ట చుట్టూ తిరిగి వెళ్లాయి.

కారం చరణం పూర్తయింది.

"ఇప్పుడు సరిపోయినాది" అంది తల్లి. బుట్ట నెత్తికెత్తుకుంది. "ఎల్తాను. మడి ఎదురుసూస్తాది." పిల్లని ఒక్కసారి వీపు మీద చరిచి, పట్టాలు దాటి మళ్ల వైపు వెళ్లిపోయింది.

గేటు మనిషి తన గదిలోంచి నాకేసి వింతగా చూస్తున్నాడు. ఎందుకో అర్థం కాక నా వైపు నేను చూసుకున్నాను. పిల్లని పాడమన్నప్పుడు ఎత్తినట్టున్నాను, నా చెయ్యి ఇంకా పైకే ఉంది.